పొడిగా ఉంచాల్సిన చెయ్యి

"...ఒకే కడుపున పుట్టామా లేదా? మరి నా రక్తం అన్నయ్యకి పనికిరాకపోవడమేంటి?"

"గొంతు కాస్త తగ్గించవే. ఇది ఆస్పత్రి."

"ఆస్పత్రి కాబట్టే అడుగుతున్నా. రక్తం సంగతి ఇక్కడ కాకపోతే కూరగాయల కొట్లో అడగమంటావా?"

చర్మవ్యాధుల విభాగం బయట, గోడవారగా వేసిన పొడుగాటి ఇనప బెంచీ మీద అన్న ఒక చివర, చెల్లెలు ఇంకో చివర కూర్చున్నారు. మధ్యలో అన్న భార్య. ఇద్దరి మాటలూ ఆమె మీదుగానే అటూ ఇటూ పోతున్నాయి. ఆమె ఎవరి వైపూ తిరగలేదు. ఎదురుగోడకి నడుము ఎత్తుదాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన తెలుపు. గోడ ఆరకముందే రంగు వేసినట్టున్నారు, కింది భాగం పొక్కులు పొక్కులుగా లేచింది. ఒకప్పుడైతే అలాంటి గోడని చూసి ఆమె ఊరుకునేది కాదు, ఎవరు పూశారో, ఎవరు తడిపారో అడిగేది. ఇవాళ చూసి ఊరుకుంది.

"లోపల డాక్టరమ్మ చెప్తుంటే నువ్వు విన్లేదా? ఎవరి కణాలు వాళ్ళకే పనికొస్తాయి. ఇది రక్తం ఎక్కించడం కాదు," అన్నాడు అన్న. గోడలు పూసే మేస్త్రీ అతను.

"విన్నాలే. నా కణాలకి నువ్వు పరాయివాడివట. నీ ఒంట్లోకి వస్తే నీ మీదే కలబడతాయట."

"అది మాత్రం నమ్ముతాను. బయట ఉంటేనే నీతో వేగలేకపోతున్నా. లోపలికి కూడానా?"

"చూశావా వదినా? ఇస్తానన్నదానికి ఇదీ మర్యాద!"

మేస్త్రీ చెల్లెల్ని పనిచోట రేడియో అంటారు. ఎదురుగా అనరు గానీ ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసి కాస్త గర్వం కూడా. మేస్త్రీ భార్యని మాత్రం ఎదురుగానే నీళ్లక్క అంటారు. కూలీలే కాదు, కాంట్రాక్టరు కూడా అలాగే పిలుస్తాడు.

"ఇద్దరూ కాసేపు ఊరుకోండి," అంది నీళ్లక్క. "నాకు తల తిరుగుతోంది."

వాళ్ళు వచ్చింది మేస్త్రీ కుడిచెయ్యి కోసం. బొటనవేలి మొదట్లో, మణికట్టుకి ఆనుకుని, ఏడాది దాటినా మానని పుండు. దానికి మందు అతని సొంత రక్తంలోంచే తయారుచేస్తున్నారు. మొదటిసారి తీసిన రక్తంతో చేసిన మందులో సగం వాడారు, అది వృథా అయింది. రెండోసారి తీసిన రక్తంలో కణాలు పెరగలేదని ఇందాకే చెప్పారు. ఎందుకు పెరగలేదని రేడియో అడిగితే, "మాకూ తెలీదమ్మా, కొన్నిసార్లు అంతే," అంది డాక్టరమ్మ. ఇక మిగిలింది మొదటిసారి తీసినదాంట్లోంచి మంచుపెట్టెలో దాచిన ఒక్క సీసా.

పుండు అడుగున చేరిన వాపు బొటనవేలిని కదిపే నరం దాకా వచ్చిందని కూడా చెప్పింది. ఇంకా ఆలస్యం చేస్తే పుండు మానినా వేలు వంగదంది. తర్వాత, రేపు పొద్దున్న వస్తే సీసా బయటికి తీస్తామనీ, మందు వేశాక చర్మం పూర్తిగా మూసుకునేదాకా ఆ చెయ్యి సిమెంటు ముట్టుకోకూడదనీ, దుమ్ము తగలకూడదనీ, తడవకూడదనీ చెప్పింది. తడవకూడదు అన్నప్పుడు ఆమె నీళ్లక్క వైపు చూసింది. కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే నీళ్లక్కకి కొంత తేలికయ్యేది.

మేస్త్రీ అంతా విని, "మెట్లపని అయ్యాక వస్తామండీ," అన్నాడు.

"ఎప్పుడవుతుంది?"

"అవుతుందండీ."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. "ఆ సీసా ఒకసారి కరిగిస్తే మళ్ళీ గడ్డకట్టించలేం. మీరు రోజు చెప్పి రాకపోతే అదీ పోతుంది. అందుకని ఆలోచించుకుని ఈ సాయంత్రంలోగా ఫోన్ చెయ్యండి," అంది.

ఆ మాట నీళ్లక్కకి బాగానే అర్థమైంది. నీళ్లు పోసి కలిపిన సిమెంటు మాలు కూడా అంతే, గట్టిపడకముందే గోడకి చేరాలి. పూసేవాడు రాలేదని ఎన్ని తట్టల మాలు ఆమె పారబోసిందో.

*

ఆమె చిన్నప్పటి నుంచీ కట్టుబడి పనుల్లోనే ఉంది. తల్లి ఇటుకలు మోసేది. ఇటుకలు మొయ్యలేని వయసులో కూతురి చేతికి నీళ్ల గొట్టం ఇచ్చి గోడలు తడపమన్నారు. పెద్దయ్యాక మాలు కలిపింది, తట్టలు మోసింది, పరంజా ఎక్కింది. కానీ పొద్దున్నా సాయంత్రం ఆ గొట్టం మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది. కొత్తగా పూసిన సిమెంటు పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల కాగుతూ ఉంటుంది. దానికి క్యూరింగు చెయ్యకపోతే, అంటే రోజూ నీళ్లు పట్టకపోతే, తనలో ఉన్న తడి తనే తాగేసి, వెంట్రుకంత సన్నంగా బీటలు వేస్తుంది. స్తంభాలకైతే గోనెపట్టాలు చుట్టి, అవి ఆరిపోకుండా తడుపుతూ ఉండాలి. తడి చాలిందో లేదో చాలామంది రంగు చూసి చెప్తారు. ఆమె అరచెయ్యి ఆనించి చెప్తుంది.

వాళ్ళ పెళ్ళి కూడా అలాగే కుదిరింది. అప్పట్లో మేస్త్రీ ఇంకా మేస్త్రీ కాలేదు, ఒక పెద్దాయన దగ్గర తాపీ పట్టడం నేర్చుకుంటున్నాడు. వేసవిలో పూసిన ఒక పొడుగాటి ప్రహరీగోడ ఒక్క బీట కూడా లేకుండా నిలిచింది. అందరూ అతని చేతిపని మెచ్చుకుంటుంటే, "దీనికి నీళ్లు కొట్టిందెవరు?" అని అడిగాడట. ఇసుక కుప్ప దగ్గర కూర్చుని అన్నం డబ్బా విప్పుకుంటున్న పిల్లని చూపించారు. "మా అన్నయ్య వదిన్ని చేసుకోలేదు, క్యూరింగుని చేసుకున్నాడు," అంటుంది రేడియో. ఆ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. భర్తతో పొసగక అన్న ఇంటికి వచ్చేసిన రోజు కూడా, ఏడుస్తూనే, పక్కింటావిడకి అదే చెప్పి నవ్వించింది.

అప్పటి నుంచీ ముగ్గురూ ఒక ముఠా. అతను పూస్తాడు, నీళ్లక్క కలుపుతుంది, రేడియో అందిస్తుంది. ఎవరి ఇళ్ళో పూర్తిచేసి, వాళ్ళు సామాన్లు దించుకునే వేళకి వీళ్ళు తమ తట్టలు ఎత్తుకుని ఇంకోచోటికి పోతారు. సెలవు అనే మాట వాళ్ళ మధ్య ఎప్పుడూ పెద్దగా వచ్చింది లేదు. వానలు పడి పని ఆగిన రోజున మేస్త్రీ అద్దెగది గుమ్మంలో కూర్చుని, ఎదురింటి గోడ మట్టం ఎక్కడ తప్పిందో చెప్తుండేవాడు.

పుండు వచ్చింది ఒక పాత గోదాము గోడలు కూలగొట్టినప్పుడు. ఆ గోడల పగుళ్ళలో తేమ, పేడ వాసన, చిన్న చిన్న ఈగలు. దోమకన్నా చిన్నవి, చప్పుడు చెయ్యవు, సాయంత్రమయ్యేసరికి ఎగరలేక ఎగిరినట్టు గంతులు వేస్తాయి. ముగ్గురినీ కుట్టాయి. ఇద్దరికీ దురదతో పోయింది. మేస్త్రీకి మాత్రం అక్కడ ఒక మొటిమ లేచి, అది పెరిగి, మధ్యలో గుంటపడి, చుట్టూ గట్టి గట్టులా ఏర్పడింది. చూడటానికి భయంగా ఉండేది గానీ నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి అతను పని మానలేదు. మందుల కొట్లో ఇచ్చిన పూతలు రాశాడు. గుడ్డ చుట్టుకున్నాడు. సిమెంటు తగిలి మండితే కాసేపు చెయ్యి విదిలించి మళ్ళీ తాపీ పట్టాడు.

ఆఖరికి ఈ ఆస్పత్రికి వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి. ఈగ కుట్టినప్పుడు కంటికి కనిపించని పురుగు ఒకటి చర్మంలోకి దిగిందన్నారు. సూదిమందు మొదలుపెట్టారు. అది అతని గుండెకి పడలేదు, గబగబా కొట్టుకోవడం, మధ్యలో ఆగినట్టవడం. ఆపేశారు. అప్పుడు డాక్టరమ్మ ఈ కొత్త పద్ధతి గురించి చెప్పింది. ఇంకా పరీక్షల్లోనే ఉందనీ, అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేననీ ముందే చెప్పింది.

"మీ రక్తంలో కాపలా కణాలుంటాయి," అంది. "ఏదైనా పురుగు దూరితే అవే చంపుతాయి. కానీ ఈ పురుగు తెలివైంది, ఆ కణాల్లోనే దాక్కుంటుంది. మీవి ఏడాదిగా దాంతో పోట్లాడి పోట్లాడి అలసిపోయాయి. వాటిని బయటికి తీసి, కొన్నాళ్ళు వెచ్చగా ఉంచి, తిండిపెట్టి, విశ్రాంతి ఇస్తాం. పురుగు ఎలా ఉంటుందో చూపిస్తాం, చచ్చిన పురుగు ముక్కలు. అప్పుడు మళ్ళీ పుండు చుట్టూ వదుల్తాం."

"నాకు లేని విశ్రాంతి నా రక్తానికా?" అన్నాడు మేస్త్రీ.

"వెచ్చగా పడుకోబెట్టి తిండి కూడా పెడతారట," అంది రేడియో. "డాక్టరమ్మగారూ, కణాల్ని కాదు, మనిషినే ఉంచేసుకోండి. మేం ఏమీ అనుకోం."

రక్తం తీసిన రోజున అతన్ని వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం గొట్టంలోకి పోయి, యంత్రం తిరిగి, కావలసింది వేరుచేసుకుని, మిగతాది రెండో చేతిలోకి వచ్చేస్తోంది. యంత్రం కుయ్యిమని ఒకే మోతగా తిరుగుతుంటే మేస్త్రీ నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, మెడ ఒక పక్కకి వాల్చి. పట్టపగలు అతను నిద్రపోవడం నీళ్లక్క ఎన్నడూ చూడలేదు. గడ్డం తెల్లబడటం అప్పుడే గమనించింది. అది సిమెంటని ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

మొదటి మందు వేశాక చెయ్యి ఎర్రబడి వేడెక్కింది. అలా అవుతుందని, అంటే కణాలు పని మొదలుపెట్టాయని, భయపడి ఏ పూతలూ రాయొద్దని, పొడిగా ఉంచమని ముందే చెప్పారు. కాంట్రాక్టరుని బతిమాలి నాలుగు రోజులు పని ఆపుకున్నారు. నీళ్లక్క భయపడలేదు. వేడిగా ఉందంటే లోపల ఏదో గట్టిపడుతోందనే ఆమెకి తోచింది. గట్టు కుంగి, గుంటమీద పల్చటి పొర కట్టింది. ఇంట్లో అందరి ముఖాల్లోనూ ఏదో వెలుతురు. అంతలో ఆ పొర ఎండి, అంచుల్లో సన్నగా బీటలు వేసింది.

తర్వాత ఆ రోజు గురించి ఎంత ఆలోచించినా, తడపాలని తను అనుకున్నట్టు ఆమెకి గుర్తులేదు. బీటలు చూసింది, చెయ్యి లేచింది, అంతే. శుభ్రంగానే చేసింది. నీళ్లు మరగబెట్టి చల్లార్చింది, ఉతికిన గుడ్డ ముంచి, నొప్పి కలక్కుండా అద్దింది, తడిగుడ్డ అలాగే చుట్టి పైన కట్టు కట్టింది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. మేస్త్రీ కూడా చెయ్యి చాపి కూర్చున్నాడు. అతనికీ అందులో తేడా ఏమీ కనిపించలేదు. ఇద్దరూ జీవితమంతా చేసిన పనే అది. రేడియో చూసి, "అబ్బో, అన్నయ్యకి కూడా క్యూరింగు పెట్టేశావా వదినా," అంది. ముగ్గురూ నవ్వారు.

వారం తిరిగేసరికి తడి కింద చీము పట్టింది. మోచెయ్యి దాకా వాచింది, జ్వరం వచ్చింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది.

"తడపమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ," అంది నీళ్లక్క. "బీటలు వచ్చాయి. అందుకని నేనే తడిపాను."

డాక్టరమ్మకి ఆ మాట అర్థంకాలేదు. రేడియో ఎప్పుడూ లేనిది మెల్లగా, తడబడుతూ, గోడల సంగతి చెప్పింది. అంతా విన్నాక డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి, "పొడిగా అని చెప్పాను. ఎందుకో చెప్పి ఉండాల్సింది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. చీముకి బలమైన మందులు వాడారు. చీము పోయింది. దాంతోపాటు కొత్త పొరా పోయింది, పుండు మళ్ళీ నోరు తెరిచింది.

బయటికి వచ్చాక మేస్త్రీ అన్నది ఒకే మాట. "గోడైతే నిలబడేది," అన్నాడు. నవ్వాడు కూడా. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తాపీ జారిపోయినా అతను భార్య వైపు చూడలేదు. చూడకపోవడం కోసం అతను పడే అవస్థ నీళ్లక్కకి తెలుస్తూనే ఉండేది.

*

ఆస్పత్రి నుంచి తిన్నగా పనికే వచ్చారు. బస్సులో చోటు దొరకలేదు.

నాలుగంతస్తుల కొత్త భవనం. లోపలి గోడలన్నీ అయిపోయాయి, మెట్లగోడ ఒక్కటే మిగిలింది. కిటికీలకి ఇంకా చట్రాలు పెట్టలేదు, మెట్ల మలుపుల్లో గాలి ఒకటే రివ్వున కొడుతోంది. మేస్త్రీ చొక్కా మార్చుకుని, కుడిచేతికి ప్లాస్టిక్ సంచీ తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బిగించాడు. తాపీ పిడికి పాత గుడ్డ చుట్టాడు. పిడి లావుగా ఉంటే బొటనవేలు అంతగా వంగనక్కర్లేదు.

నీళ్లక్క మాలు కలిపింది. రేడియో తట్ట అందించింది.

మాలుని తాపీతో గోడమీదికి విసిరినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. మణికట్టు తిప్పి విసిరితే చప్పున అతుక్కుంటుంది. కొన్ని నెలలుగా అతను మణికట్టు తిప్పలేక మోచేత్తో విసురుతున్నాడు. ఆ చప్పుడే వేరు. సగం అతుక్కుంటుంది, సగం జారి మెట్లమీద పడుతుంది. పడినదాన్ని నీళ్లక్క గోకి మళ్ళీ తట్టలో వేస్తుంది. అతను విసిరే ముందు పళ్ళు బిగిస్తాడు. ఇప్పుడు నొప్పి కూడా మొదలైందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పైనుంచి నడుము ఎత్తు వరకు వచ్చేసరికి అతను మెట్టుమీద కూర్చున్నాడు.

"కాసేపు పట్టు," అని తాపీ ఆమె వైపు చాచాడు.

ఇది కూడా కొత్తేం కాదు. చేతి వాపు తగ్గి తిరిగి పనిలోకి వచ్చినప్పటి నుంచీ పైభాగం అతను, కింది భాగం ఆమె. ఎవరూ అనుకుని మొదలుపెట్టింది కాదు. ఒకరోజు అతను వంగలేకపోతే ఆమె అందుకుంది. తర్వాత మూలలు, తర్వాత కిటికీ పక్కలు. తాపీ పట్టాలన్న కోరిక ఆమెకి ఎప్పుడూ లేదు. ఆమెకి ఉన్న కోరికల్లా మోకాళ్ళు చాపుకుని ఒక మధ్యాహ్నం పడుకోవడం. కానీ ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూసిన పని చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది? మెట్లమీద కాంట్రాక్టరు చెప్పుల చప్పుడు వినిపించగానే తాపీ మళ్ళీ అతని చేతిలోకి వెళ్ళిపోయేది. ఆ చప్పుడు ముందుగా పట్టేది రేడియోనే. గట్టిగా దగ్గేది.

ఆమె మాలు విసిరి, కర్రబద్దతో లాగి చదును చేసింది. లేచిన చోట గోకింది, గుంట ఉన్నచోట నింపింది. వెనకాల మేస్త్రీ ఊపిరి వినిపిస్తోంది.

"ఎడమ పక్క కొంచెం లావైంది," అన్నాడు.

ఆమె గోకింది.

"ఇప్పుడు సరిపోయింది."

కాసేపయ్యాక ఆమె తిరక్కుండానే అడిగింది. "మెట్లపని అయ్యాక ఏ పని?"

"వెనక ప్రహరీ ఉంది కదా."

"దాని తర్వాత?"

అతను మణికట్టు దగ్గరి రబ్బరు సర్దుకున్నాడు. రేడియో తట్ట కింద పెట్టి, "దాని తర్వాత ఏముంది, స్వర్గానికి మెట్లు కట్టడానికి పిలుస్తారు, అక్కడా మనమే వెళ్ళాలి," అంది. ఆ మాటకి తనే నవ్వలేకపోయింది.

"సాయంత్రంలోగా ఫోన్ చెయ్యమంది," అంది నీళ్లక్క.

"చేద్దాంలే."

"ఏమని?"

"నన్నెందుకు చంపుతావు? ఈ మెట్లు సగంలో వదిలేస్తే వాడు రేపే ఇంకో ముఠాని దింపుతాడు. ఒకసారి చెయ్యి పడిపోయిందని తెలిస్తే మళ్ళీ ఎవరు పిలుస్తారు? చెయ్యి మానాక కూడా పిలవరు." అతని గొంతు పెరిగి, మళ్ళీ తగ్గింది. "నీకు తెలియందేముంది."

ఆమెకి తెలుసు. చెయ్యి లేని మేస్త్రీ అన్న పేరు పడితే అది పుండుకన్నా మొండిది, మానదు. కానీ మంచుపెట్టెలో ఉన్న ఆ సీసా కూడా ఆమె కళ్ళముందే ఉంది. కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయిన మనిషిలోంచి తీసినవి. ఆ నిద్రలోంచే తీశారని ఆమెకి ఎందుకో అనిపించేది. అందుకే పెరిగాయేమో. రెండోసారి రక్తం ఇచ్చిన రోజున అతను ఒకపూట పనిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళాడు. కుర్చీలో కళ్ళు మూయలేదు, మిగిలిపోయిన పని గురించే మాట్లాడాడు. డాక్టరమ్మ కారణం తెలీదంది. తెలియనిది తెలియదనే చెప్పే మనిషి ఆమె. నీళ్లక్క కూడా ఇది ఎవరితోనూ అనలేదు.

సగం పోయింది తన చేతుల మీదుగా. మిగిలిన సగం ఇది.

రేడియో దగ్గింది.

కింద మలుపులో చెప్పుల చప్పుడు. మేస్త్రీ లేచి నిలబడి, ప్లాస్టిక్ సంచీ తొడిగిన చెయ్యి చాచాడు. నీళ్లక్క గోడవైపే తిరిగి ఉంది. బద్ద కింది నుంచి పైకి ఒకసారి లాగింది. అతని చెయ్యి అలాగే చాచి ఉంది.

రేడియో మళ్ళీ దగ్గింది. "వదినా," అంది మెల్లగా.

చెప్పులు పై మెట్టెక్కి ఆగాయి.

"ఏంటి మేస్త్రీ, పొద్దుట్నుంచీ కనపడలేదు?" అన్నాడు కాంట్రాక్టరు. రొప్పుతున్నాడు. ఆయనకీ ఆ మెట్లు కొత్త కాదు గానీ ఒళ్ళు బరువు. "ఇంటివాళ్ళు నాలుగు రోజుల్లో చూడ్డానికి వస్తున్నారు. ఈ మలుపు అయిపోవాలి అప్పటికి." అప్పుడు చూశాడు. "తాపీ ఆవిడ చేతిలో ఉందేంటి?"

మేస్త్రీ ఏదో అనబోయాడు. "ఊరికే, మూల సర్దుతోంది..."

కాంట్రాక్టరు గోడ దగ్గరికి వెళ్ళి, తల పక్కకి వంచి, వెలుతురుకి ఎదురుగా చూశాడు. పైభాగం చూశాడు, కింది భాగం చూశాడు. తడి మాలుని ఒక వేలితో తాకి చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి మొన్న పూసిన పక్కగోడమీద తట్టాడు, పైన ఒకసారి, కింద ఒకసారి. డొల్లగా మోగలేదు.

"కిందదంతా ఎవరు పూశారు?"

రేడియో దగ్గబోయి, నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది.

నీళ్లక్క తాపీకి అంటిన మాలు తట్ట అంచుకి గీసి, పిడికి చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. ఆమె అరచేతికి ఆ లావు అక్కర్లేదు. గుడ్డ విప్పి మడిచి మేస్త్రీకి ఇచ్చింది. అతను తీసుకున్నాడు.

"నేనే పూశాను సార్," అంది. "రేపు మేమిద్దరం రాం. పొద్దున్నే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. చెయ్యి మానేదాకా ఆయన ఈ మెట్లెక్కరు. ఎల్లుండి నుంచి గోడ నేను పూస్తాను, మాలు మా ఆడపడుచు కలుపుతుంది. వద్దంటే ఇప్పుడే చెప్పండి, సామాను దించేస్తాం."

కాంట్రాక్టరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ చేతిలో మడిచిన గుడ్డ వైపు చూస్తున్నాడు.

"మరి నీళ్లు?" అన్నాడు కాంట్రాక్టరు.

"నీళ్లు కొట్టడానికి ఇంకొకర్ని చూసుకోండి," అంది ఆమె.